వంపు దగ్గర బోర్డు

ఫిబ్రవరి 9

అక్కా,

బాగున్నావా అని అడగను. రాజధానిలో ఫ్యాను కింద కూర్చుని పనిచేసేవాళ్లు బాగానే ఉంటారు. ఇక్కడ మేం బాగాలేం. ఆ సంగతి చెబుదామనే రాస్తున్నాను.

నిన్న మధ్యాహ్నం గ్యాంగంతా పట్టాల పక్కన కూర్చుని తింటున్నాం. మా మేస్త్రి తన పొట్లానికి చుట్టిన పేపరు నా మీదకి విసిరి, "చదువుకున్న దొరా, ఇందులో రైలు బొమ్మ ఉంది, ఏమేడ్చారో చూడు" అన్నాడు. నా చదువెంతో నీకు తెలుసు. నువ్వు పారేసిన పుస్తకాలు ఏరుకుని చదివిన చదువు. అయినా చదివాను. ప్రయాణికుల బళ్లకి ప్రభుత్వమిచ్చే డబ్బు ఈ ఏడాది బడ్జెట్‌లో సగానికి కోస్తారట. ఖాళీగా తిరిగే బళ్లని ఆపేస్తారట. ఆ ఖాళీ బళ్లలో మన పగటి బండి కూడా ఉందట.

ఖాళీ! ఆ ముక్క రాసినవాణ్ని ఒక్క పొద్దున పట్టుకొచ్చి ఆ పెట్టె తలుపు దగ్గర నిలబెట్టు. ఎవరి మోచెయ్యి వాడి పక్కటెముకల్లో దిగిందో కూడా తెలీదు వాడికి. అమ్మ ఆ బండెక్కే జంక్షన్ ఆసుపత్రికి వెళ్తోంది, ఆయా పని చేసి సాయంత్రం మళ్లీ అందులోనే వస్తోంది. బస్సుందిగా అంటారేమో. ఆ బస్సు కొండంతా చుట్టుకుని జంక్షన్ చేరేసరికి అమ్మ డ్యూటీ సగం అయిపోతుంది. బండి పోతే అమ్మ ఉద్యోగం పోయినట్టే. లేదంటే అక్కడే ఆసుపత్రి వెనక ఆయాల గదిలో మంచమేసుకోవాలి. మోకాళ్ల నొప్పులతో, ఎవరో ఒకరి గురకల మధ్య.

నువ్వు ఒక పార్లమెంటు సభ్యురాలికి ప్రసంగాలు రాసిపెడుతున్నావుగా. ఆవిడ రైళ్ల పక్షమేనని గొప్పగా చెప్పావుగా. ఇప్పుడు రాయి. అక్షరాలు నీకు ఇంకెప్పుడు పనికొస్తాయి?

నీ తమ్ముడు
(కాగితం మీద మరకలు గ్రీజువి. కన్నీళ్లని పొరబడకు.)


ఫిబ్రవరి 18

ఒరేయ్ మిరపకాయ్,

నీ ఉత్తరం విప్పుతుంటేనే చేతులు మండాయి. అమ్మ మోకాళ్లకి నూనె రాస్తున్నావా, లేక ప్రభుత్వాన్ని తిట్టడానికే పొద్దంతా సరిపోతోందా?

ఫ్యాను నా నెత్తిన లేదు, మా సభ్యురాలి నెత్తిన ఉంది. నాది ద్వారం పక్కన బల్ల. సరే, అసలు సంగతి విను. ఇక్కడ రైలంటే ఎవరికీ కోపం లేదు. అదే బాధ. కోపముంటే వాదించొచ్చు. ఆర్థిక మంత్రి దగ్గరికి ఒక్కో ప్రాంతం వాళ్లు వెళ్లి "మా ఎక్స్‌ప్రెస్ జోలికి రాకండి, మీరు చెప్పినట్టు ఓటేస్తాం" అని వచ్చేస్తున్నారు. పెద్ద నగరాల మధ్య నడిచే బండికి అడ్డం పడేవాడు లేడు. దానికి రంగు కొత్తది, ఫొటోలో బాగుంటుంది. చివరికి ఎవరూ అడగనివి మిగిలాయి. అవన్నీ మన పగటి బండి లాంటివే. రోడ్డుకిస్తే పెట్టుబడి అంటారు, రైలుకిస్తే నష్టం అంటారు. ఆ మాట మా సభ్యురాలు సభలో అంటే నవ్వి ఊరుకున్నారు.

నీ మాట నమ్ముతాను. కానీ కాగితాల్లో మన స్టేషన్‌లో టిక్కెట్లు కొనేవాళ్లే లేరు. బండి కిక్కిరిసి వస్తోందంటున్నావు, మరి వీళ్లంతా ఎక్కడ ఎక్కుతున్నారు? అమ్మ నేనున్నప్పటిలాగే స్టేషన్ దాకా నడుస్తోందా?

ఇంకోటి కూడా చూశాను. మన పేట దగ్గర వంపులో బండి నడక వేగంతో పోవాలని ఉత్తర్వు ఉంది. ఏళ్లుగా ఉంది. అక్కడ పట్టా అంత పాడైపోయిందా? నువ్వెప్పుడూ చెప్పలేదే! అదే నిజమైతే మనకి మంచి ఆయుధం. డబ్బు ఇవ్వకపోతే పట్టాలు ఎలా అవుతాయో చూడండి, బండి మనిషిలా నడుస్తోంది అని సభలో చదివిస్తాను. మరమ్మతుకి డబ్బు వస్తుంది, దాంతో బండీ నిలుస్తుంది. చర్చ మార్చి మొదటి వారంలో. అవునో కాదో వెంటనే రాయి.

అమ్మకి ముద్దులు. నీకు ఒక మొట్టికాయ.
అక్క


ఫిబ్రవరి 24

అక్కా,

మా గ్యాంగు చేసిన పట్టా పాడైందంటావా? ఇంకెవరైనా ఆ మాట అంటే గునపం చూపించేవాణ్ని. ఆ వంపులో పట్టా నీ మంత్రి గారి భోజనాల బల్ల కన్నా చదునుగా ఉంటుంది. కంకర కూరింది నేను, బోల్టులు బిగించింది మేస్త్రి. వెళ్లి పడుకో, నీ కింద నేల కదలదు.

మరి మెల్లగా పొమ్మనే బోర్డు అక్కడ ఎందుకుందంటావు. చెబుతాను. కడుపులో దాచుకో.

నువ్వు వెళ్లిన ఏడాది వానలకి వంపులో పట్టా కింద కట్ట జారింది. అప్పుడు నాటాం ఆ బోర్డు, "నడక వేగం" అని. కట్ట కట్టాం, పట్టా సరిచేశాం. బోర్డు పీకేద్దామని గడ్డపార పట్టుకుని వెళ్లిన పొద్దున చూస్తే, మన అమ్మా, ఆసుపత్రి బట్టలుతికే ఆడవాళ్లూ, కూరగాయల బుట్టావిడా వంపు దగ్గర నిలబడి ఉన్నారు. బండి అక్కడ మెల్లగా పోతోందని వాళ్లకి తెలిసిపోయింది. పేట నుంచి స్టేషన్‌కి ఎంత దూరమో నీకు తెలుసు, వంపుకి మాత్రం పెరట్లోకి వెళ్లినంత. గార్డు తలుపులోంచి చెయ్యి చాపి ముందు అమ్మ సంచీ అందుకున్నాడు, తర్వాత అమ్మని. నేను మేస్త్రి వంక చూశాను. మేస్త్రి బోర్డు వంక చూశాడు. "అదేమన్నా తిండి అడుగుతోందా? ఉండనీ" అన్నాడు.

అంతే. అప్పటి నుంచీ ఉంది. డ్రైవరుకి తెలుసు, గార్డుకి తెలుసు. వానలొచ్చిన ప్రతిసారీ "కట్ట ఇంకా మెత్తగానే ఉంది" అని మేస్త్రి రాసి పంపుతాడు. ఇంజనీరు ఒక్కసారీ వచ్చి చూడలేదు. టిక్కెట్లంటావా? అవి స్టేషన్‌లో అమ్ముతారు. టిక్కెట్టు కోసం స్టేషన్ దాకా నడిచేవాళ్లు వంపు దగ్గర ఎందుకెక్కుతారు? గార్డు అడగడు, వీళ్లు ఇవ్వరు. దీన్ని దొంగతనమంటే అను. స్టేషన్ ఇవ్వమని పేట పేటంతా అర్జీలు పెట్టి అలిసిపోయింది. సర్కారు ఇవ్వని స్టేషన్‌ని మేం ఒక చెక్కముక్కతో కట్టాం.

కాబట్టి పట్టా పాడైందని మాత్రం రాయకు. అది అబద్ధం. బోర్డు సంగతీ రాయకు, అది నిజం. బండిని కావాలని మెల్లగా నడిపించామని తెలిస్తే మేస్త్రితో సహా అందరం ఇంటికే. నువ్వు వేరే ఏదైనా రాసుకో, ఎక్స్‌ప్రెస్‌ల మీద రాసుకో.

ఈ ఉత్తరం పగటి బండి తపాలా పెట్టెలోనే వేస్తున్నాను. దాని గోడు అదే మోసుకొస్తుంది.

నీ తమ్ముడు


మార్చి 6

మిరపకాయ్,

జవాబు రాయలేదు నువ్వు. మొదట కోపమొచ్చింది, తర్వాత అర్థమైంది. నీ చేత్తో వేసిన పట్టా పాడైందని నీ చేత్తో రాయలేవు. చిన్నప్పుడు పరీక్ష తప్పిన రోజు కూడా ఇంతే, అడిగితే తిట్టేవాడివి, నిజమైతే నోరు మూసుకునేవాడివి. నీ మౌనమే జవాబనుకున్నాను.

బడ్జెట్ దగ్గర సభలో పేచీ వచ్చి, డబ్బు విడుదల కాక బళ్లన్నీ ఆగిపోయాయిగా. పేపర్ల నిండా ఖాళీ స్టేషన్ల ఫొటోలే. ఆ ఆగిన బళ్ల మధ్యే నిన్న చర్చ జరిగింది. నేను రాసింది మా సభ్యురాలు చదివింది. "ఈ దేశంలో ఒక వంపు ఉంది. అక్కడ రైలు మనిషిలా నడుస్తుంది. ఎందుకంటే దాని కింద నేలకి మనం డబ్బు ఇవ్వలేదు" అంది. ఒరేయ్, అవతలి పక్షం వాళ్లు కూడా తలెత్తి చూశారు. నేను పైన సందర్శకుల గదిలో కూర్చుని, మన వంపురా, మన పేట పక్క వంపు, అని ఏడ్చేశాను. పక్కనున్నావిడ రుమాలిచ్చింది.

రవాణా మంత్రి లేచి "ఈ విషయం తీవ్రంగా పరిశీలిస్తాం" అన్నాడు. మంచి సూచన అంటున్నారు మా వాళ్లు. అమ్మకి చెప్పు, బండి నిలుస్తుందని. నా పేరు చెప్పకు, గర్వపడుతుంది.

అక్క


మార్చి 11

అక్కా,

పరిశీలించారు.

నిన్న సాయంత్రం టీ కొట్టు రేడియోలో రవాణా మంత్రి ప్రకటన విన్నాం. "ప్రయాణికుల ప్రాణాలతో చెలగాటమాడలేం. పట్టా ప్రమాదకరంగా ఉన్నందున ఆ మార్గంలో ప్రయాణికుల బండిని రద్దు చేస్తున్నాం. సరుకుల బళ్లు యథావిధిగా నడుస్తాయి." విన్నావా? అమ్మ ఎక్కితే కట్ట జారుతుందట, రాళ్లు నింపిన వేగన్లు పోతే జారదట. మిగతా బళ్లన్నీ నిన్న పొద్దున మళ్లీ కదిలాయి. మనది కదల్లేదు.

నీకు ఉత్తరం రాయలేదన్నావా? రాశాను. ఫిబ్రవరి 24న రాశాను. ఆ రాత్రే బళ్లు ఆపేశారు, నా ఉత్తరం తపాలా పెట్టెలో పడి జంక్షన్ యార్డులో తాళం వెనక నిలబడి ఉంది. వాళ్లు ఆపిన బండిలోనే నీ చెయ్యి ఆపగలిగిన కాగితం ఉంది. నువ్వేమో మౌనమే జవాబనుకున్నావు. నేను ఎప్పుడన్నా మౌనంగా ఉన్నానా అక్కా? పుట్టినప్పటి నుంచీ ఒక్క గంట నోరు మూసుకున్నానా? ఇంత తెలిసినదానివి అది తెలీదా నీకు?

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. వాళ్లకి కోసే ధైర్యం లేక సాకు వెతుక్కుంటుంటే, మా అక్క మంచి సాకు చెక్కి, పట్టుగుడ్డలో చుట్టి, ఏడ్చి మరీ ఇచ్చింది. రుమాలు తిరిగిచ్చావా?

ఇవాళ పొద్దున అమ్మ వంపు దగ్గరికి వెళ్లింది. రాదని తెలిసే వెళ్లింది. బట్టలుతికే ఆడవాళ్లూ వచ్చారు. కాసేపు అలా నిలబడి వెనక్కి వచ్చేశారు. అది చూసి చచ్చిపోతున్నాను.

తమ్ముడు


మార్చి 17

తమ్ముడూ,

నీ రెండు ఉత్తరాలూ ఒకే పొద్దున వచ్చాయి. ఏది ముందు విప్పానో అడగకు.

నువ్వు తిట్టినదంతా నాకు చెందుతుంది. ఏడవడానికి టైం లేదు, విను. రైలు పద్దు మీద ఓటు నెలాఖరున. మా సభ్యురాలి దగ్గరికి వెళ్లి నేను తప్పు రాశానని చెప్పాను. ఆవిడ అరవలేదు, అరిస్తే బాగుండేది. "నువ్వు చెబితే ఎవరు నమ్ముతారు? పట్టా బాగుందని లైను మీద పనిచేసే మనిషి ఎవరైనా రాసి సంతకం పెడితే, మంత్రి సాకు ఓటింగుకి ముందే కూలగొడతాను. ఆ వంపు దగ్గర ఎంతమంది ఎక్కుతారో కూడా చెబుతాను, ఖాళీ బండి అన్న మాటా పోతుంది" అంది.

నేనేం అడుగుతున్నానో నాకు తెలుసు. బోర్డు ఎందుకుందో రాయకుండా పట్టా బాగుందని రాయలేరు. రాసినవాడి ఉద్యోగం గురించి ఆవిడ మాట ఇవ్వలేనంది. నేనూ ఇవ్వలేను.

వద్దంటే వద్దు. నిన్నొక్క మాట అనను.

అక్క


మార్చి 21

అక్కా,

ఇదిగో కాగితం. దీంతో పాటే ఉంది. బోర్డు నేనే ఉంచానని రాశాను, నేనొక్కణ్నే. మేస్త్రి వచ్చి "నా పేరు ఏదిరా? బోర్డు నాది, పేరు నీదా?" అని దెబ్బలాటకి దిగాడు. "నీకు ముగ్గురు ఆడపిల్లలు, నాకు నోరు తప్ప ఏమీ లేదు, పో" అన్నాను. చాలాసేపు తిట్టాడు. తర్వాత తన ముక్కుపొడి డబ్బీ నా జేబులో పెట్టి వెళ్లిపోయాడు. నేను పీల్చనని వాడికి తెలుసు.

అమ్మకి చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

ఉద్యోగం పోతే పోనీ. ఎవడి కోసమో కంకర కూరేకన్నా ఊరికే కూర్చోవడం నయం. ఈసారి మాత్రం టైంకి వాడు. నీ మంత్రి మొహం ఎలా మాడుతుందో చూసి రాయి.

తమ్ముడు


ఏప్రిల్ 2

నువ్వు కాగితం ఇవ్వలేదు.

ఓటింగంతా రేడియో దగ్గర నిలబడి విన్నాను. మీ సభ్యురాలు లేచింది, ఎక్స్‌ప్రెస్‌ల గురించి మాట్లాడింది, కూర్చుంది. వంపు ఊసే లేదు. పద్దు నెగ్గింది. పగటి బండి చచ్చింది. కాగితం అందలేదనకు, రసీదు వచ్చింది, నీ సంతకం గుర్తుపడతాను.

ఉద్యోగం పోతుందని భయపడ్డావు. నాది కాదు, నీది. "తప్పు రాసిందెవరు" అని అడుగుతారుగా. ఫ్యాను నీ నెత్తిన లేకపోయినా గాలి తగులుతుందిగా.

ఇంకో జోకు చెబుతాను, నవ్వు. ఓటింగయిన మర్నాడు ఇంజనీరు వచ్చాడు, ఇన్నేళ్లకి. రాళ్ల బళ్లు వేగంగా పోవాలట. వంపులో పట్టా సుత్తితో కొట్టి చూసి "బంగారంలా ఉంది, దీనికెందుకయ్యా బోర్డు?" అన్నాడు. మేస్త్రి "మర్చిపోయామండీ" అన్నాడు. పీకింది నేను. ఇప్పుడు పట్టా బాగుందని సర్కారే ఒప్పుకుంది.

అమ్మ ఆయాల గదికి మారిపోయింది. బస్సులో దిగబెట్టి వచ్చాను. కిటికీ పక్క మంచం లేదు. "ఎంతసేపు ఉంటావు, బస్సు పోతుంది, వెళ్లు" అని నన్నే పంపేసింది.

అక్కా అని రాయడానికి చెయ్యి రావడం లేదు. అందుకే పైన రాయలేదు.


ఏప్రిల్ 12

తమ్ముడూ,

అమ్మ ఆ గదిలో సర్దుకునేదాకా నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. నిన్న తనే మాట పంపింది, ఇక చెప్పమని.

ఓటింగు రోజు మధ్యాహ్నం, సభ కూడేముందు, మా ఆఫీసుకి ఫోను వచ్చింది. ఆసుపత్రి గుమాస్తా గది నుంచి. అమ్మ జన్మలో మొదటిసారి ఫోను పట్టుకుంది. దూరం కదా అని అరుస్తోంది. మేస్త్రి పెళ్లాం చెప్పేసిందట నువ్వు కాగితం పంపావని. "ఆ కాగితం ఇస్తే బండి వస్తుందా?" అంది. రావచ్చమ్మా అన్నాను. "వాడి పని పోతుందా?" అంది. పోతుందమ్మా, కేసు కూడా పెట్టొచ్చు అన్నాను. అబద్ధం చెప్పాలనుకున్నాను, నోరు రాలేదు.

గుమాస్తా విసుక్కోవడం వినిపిస్తోంది. తర్వాత అంది, "ఒకటి రావచ్చు, ఒకటి పోతుంది. ఈ మాత్రం బేరం నాకు తెలీదనుకున్నావా? బండి కోసం చేతులెత్తేవాళ్లు అక్కడ ఎంతమందున్నారో నాకు తెలీదు. వాడి కోసం ఎత్తేదాన్ని నేనొక్కదాన్నే. ఇవ్వకు." "నీ మోకాళ్లమ్మా" అన్నాను. "గదిలోంచి వార్డుకి పది అడుగులు. మోకాళ్లకి సుఖమే" అంది.

నేను కాగితం చేతిలో పట్టుకుని లోపలికి వెళ్లాను. మా సభ్యురాలు చెయ్యి చాపింది. ఇవ్వలేకపోయాను. నీ తిట్లు అందాయి, ఒక్కటీ వెనక్కి తీసుకోకు. ముందు చేసిన తప్పుకి అవి సరిపోతాయి.

కాగితం నా దగ్గరే ఉంది. చింపమంటే చింపుతాను.

అక్క


ఏప్రిల్ 20

అక్కా,

చింపెయ్. మళ్లీ అలాంటిది రాసే ఓపిక నాకు లేదు, నువ్వు దాచి ఏం చేస్తావు.

ఆదివారం అమ్మ దగ్గరికి వెళ్లాను. "నా ఉద్యోగం సంగతి తేల్చడానికి నువ్వెవరు?" అని అరుద్దామని బస్సంతా మాటలు పేర్చుకుని వెళ్లాను. గది బయట బల్ల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి, "బోర్డు తీసేశారా?" అంది. తీసేశామన్నాను. "పాపం, మంచి బోర్డు" అంది. ఇంక నేనేం అరుస్తాను? పక్కన కూర్చున్నాను. రాత్రిళ్లు కొండగాలికి ఆ గదిలో చలట, ఇంట్లో తన దుప్పటి మర్చిపోయానంది. మర్చిపోలేదు. తిరిగొచ్చేస్తాననుకుని వదిలేసింది. నాకు తెలుసు, తనకీ తెలుసు.

నిన్న వంపులో బోల్టులు బిగిస్తున్నాను. జంక్షన్‌కి పోయే రాళ్ల బండి వస్తోంది. నడిపేది మన పాత డ్రైవరే, పగటి బండి పోయాక సరుకుల మీద వేశారు. బోర్డు లేదు. వేగంగా పోవాలని ఉత్తర్వు. అయినా వంపు దగ్గరికి వచ్చేసరికి బండి మెల్లబడింది. మనిషి నడిచినట్టు వచ్చింది. మేస్త్రి లేచి నిలబడి, "ఒరే, ఎవరి కోసంరా?" అని అరిచాడు. డ్రైవరు ఇటు చూడలేదు. చెయ్యి అలవాటు, అంతే.

వంపు దగ్గర ఎవరూ లేరు. వేగన్లు ఒక్కొక్కటే నా ముందు నుంచి పోయాయి. చివర గార్డు పెట్టె. మన పాత గార్డే, తలుపులో నిలబడి ఉన్నాడు. అతనూ అలవాటుగానే చెయ్యి చాపాడు, అమ్మ సంచీ అందుకునే చెయ్యి.

నేను పేటలోకి పరిగెత్తాను. ఇంట్లో దూరి దుప్పటి లాక్కుని మళ్లీ పరిగెత్తాను. బండి ఇంకా మెల్లగానే పోతోంది. దాని వెంట పరిగెత్తి దుప్పటి ఆ చేతిలో పెట్టాను. "ఆయాల గదిలో ఇవ్వన్నా" అన్నాను. "నాకు చెప్పాలా?" అన్నాడు.

అమ్మ ఎక్కే చోట అమ్మ దుప్పటి ఎక్కింది. తర్వాత బండి వేగం అందుకుంది.

ఈ ఉత్తరం బస్సులో వస్తోంది. ఆలస్యమైతే మౌనమనుకోకు.

నీ తమ్ముడు